పొత్తిగుడ్డపై మచ్చ: ఒక ఎంజైము చరిత్ర

వ్యాధుల చరిత్రలో మశూచికి, కలరాకు, ప్లేగుకు పెద్ద అధ్యాయములు కలవు. అవి రాజ్యములను తలక్రిందులు చేసినవి. ఊళ్ళకు ఊళ్ళను పాడుపెట్టినవి. నేడు మనము ముచ్చటింపబోవు వ్యాధికి అట్టి ఖ్యాతి లేదు. పెక్కు దేశములలో అది రెండున్నర లక్షల మందిలో ఒకరికో, పది లక్షల మందిలో ఒకరికో కనిపించును. అది అంటుకొనునది కాదు. బాల్యమున ప్రాణము తీయునది కాదు. చాలకాలము వైద్యులే దానిని ఒక వింతగా చూచి ఊరకొనిరి. అయినను దేహరసాయనములో మనిషికిని మనిషికిని భేదము కలదనియు, ఆ భేదము తల్లిదండ్రుల నుండి సంక్రమింపవచ్చుననియు వైద్యలోకమునకు మొదట బోధించినది ఈ చిన్న వ్యాధియే. దాని పేరు ఆల్కాప్టన్యూరియా. దానికి మూలమైనది మన కాలేయములో పనిచేయు ఒక ఎంజైము. ఆ ఎంజైము లోపించినదని ఊహించినది 1908లో. లోపించినట్లు ఋజువు చేసినది 1958లో. దాని ఆకారమును కన్నులార చూచినది 2000లో. ఈ తొంబది రెండేండ్ల కథలో మన ఇండ్లకును పనికివచ్చు సంగతులు కొన్ని కలవు.

ముందుగా వ్యాధి లక్షణము చెప్పుకొందము. బిడ్డ మూత్రము వెలికి వచ్చునప్పుడు అందరు బిడ్డల మూత్రమువలెనే యుండును. గాలి సోకినకొలది రంగు మారి, కొన్ని గంటలలో గోధుమవన్నెకును, పిమ్మట నలుపునకును తిరుగును. పొత్తిగుడ్డలపై మచ్చలు పడును. సబ్బుతో ఉతికినచో ఆ మచ్చ పోవుటకు మారుగా మరింత ముదురును. ఏలయన సబ్బునందలి క్షారము ఆ మార్పును త్వరపెట్టును. మన చాకలివారు పూర్వము వాడిన చౌడుమట్టియు, నేటి చాకలిసోడాయు అట్టి క్షారములే. తల్లి కలవరపడును, ఇరుగుపొరుగువారు తలకొక మాట అందురు. బిడ్డ మాత్రము పాలు త్రాగుచు, ఆడుకొనుచు, తోడివారితోపాటు పెరుగును.

అసలు కష్టము నడివయస్సులో ప్రారంభమగును. ముప్పది ఏండ్లు దాటునప్పటికి కంటి తెల్లగుడ్డుపై గోధుమరంగు పొడలును, చెవి మృదులాస్థిలో నీలివన్నెయు కనబడవచ్చును. పిదప నడుము పట్టివేయును. వెన్నుపూసల మధ్యనున్న మెత్తని బిళ్ళలు నల్లబడి, పెళుసై, క్రుంగిపోవును. మోకాళ్ళు, తుంట్లు, భుజములు అరిగిపోవును. ఏబదియేండ్ల ప్రాయముననే కీళ్ళను తీసివేసి కృత్రిమపు కీళ్ళు అమర్చుకొనవలసిన వారు పెక్కురు. గుండె కవాటములును గట్టిపడవచ్చును. కావున వైద్యులు వింతయని త్రోసిపుచ్చినది రోగికి వింత కాదు. అది జీవితకాలమంతయు మోయవలసిన భారము.

నల్లని మూత్రమును గూర్చిన వ్రాతలు చాల పాతవి. ఆరోగ్యవంతుడైన ఒక పాఠశాల బాలుడు ఎల్లప్పుడును నల్లని మూత్రము విడుచుచుండెనని స్క్రిబోనియస్ అను యూరపు పండితుడు 1584లోనే వ్రాసియుంచెను. 1822లో లండనులో అలెగ్జాండర్ మార్సెట్ అను వైద్యుడు ఇట్టి ఉదాహరణమునే వర్ణించెను. 1859లో బోడెకర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు రోగి మూత్రములో ఒక క్రొత్త పదార్థమును గుర్తించి, క్షారము కలిపినచో అది ప్రాణవాయువును ఆబగా గ్రహించుటను బట్టి దానికి ఆల్కాప్టన్ అని పేరిడెను. 1866లో సుప్రసిద్ధుడైన విర్చో ఒక మృతదేహములో మృదులాస్థులు నల్లబడియుండుట చూచి, సూక్ష్మదర్శినిలో అవి కావిరంగున కనబడినవి గనుక ఆ అర్థము వచ్చు వేరొక పేరు పెట్టెను. ఒకరు చూచినది మూత్రమును, ఒకరు చూచినది ఎముకల కీళ్ళను. ఈ రెండును ఒకే వ్యాధికి రెండు ముఖములని తేలుటకు ఇరువదవ శతాబ్ది రావలసి వచ్చెను. 1891లో వోల్కోవ్, బౌమన్ అనువారు ఆ పదార్థము హోమోజెంటిసిక్ ఆమ్లమని నిర్ణయించిరి. అయితే అది ఎక్కడినుండి వచ్చుచున్నది? ప్రేగులలో చేరిన ఏవో సూక్ష్మజీవులు దానిని తయారుచేయుచున్నవని వారు తలచిరి. క్రిములే సకల వ్యాధులకు కారణమని లోకము నమ్మిన కాలమది; వారి ఊహలో ఆశ్చర్యము లేదు.

ఈ దశలో రంగమున ప్రవేశించినవాడు ఆర్చిబాల్డ్ గారాడ్. ఆయన 1857లో లండనులో జన్మించెను. తండ్రియు పేరొందిన వైద్యుడే. కీళ్ళవాతరోగుల రక్తములో యూరిక్ ఆమ్లమును కనిపెట్టినవాడు. వ్యాధిని రసాయనదృష్టితో చూచుట కుమారునికి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. లండను శిశువైద్యశాలలో ఆల్కాప్టన్యూరియా గల ఒక బాలుడు ఆయన చికిత్సలోనికి వచ్చెను. తక్కిన వైద్యులు వింతగా చూచి విడిచినదానిని గారాడ్ విడువలేదు. ఇది క్రిముల పనియైనచో రోగము ఒకనాడు వచ్చి మరియొకనాడు పోవలెను, హెచ్చుతగ్గులుండవలెను, ఇంటిలో ఒకరినుండి ఒకరికి అంటవలెను. ఇక్కడ అట్టిదేమియు లేదు. ఉన్నవానికి పుట్టుకనుండియు ఉన్నది; లేనివానికి ఎన్నడును రాలేదు.

ఆ బాలుని తల్లి మరల గర్భవతి యయ్యెను. 1901లో శిశువు జన్మించినప్పుడు పొత్తిగుడ్డలను జాగ్రత్తగా పరిశీలింపవలసినదిగా గారాడ్ ఏర్పాటు చేసెను. పుట్టిన 52 గంటలకు గుడ్డపై మచ్చ స్పష్టముగా కనబడెను. కాన్పు గదిలో మూడునాళ్ళయినను నిండని శిశువు ఏ క్రిమిని తెచ్చుకొనగలదు? వ్యాధి పుట్టుకతోనే వచ్చినదని ఆ గుడ్డ సాక్ష్యమిచ్చెను.

మరియొక సంగతి ఆయన దృష్టిని ఆకర్షించెను. ఆ బిడ్డల తల్లిదండ్రులు ఒకరికొకరు దగ్గరి బంధువులు. తక్కిన రోగుల కుటుంబములను విచారింపగా, తల్లిదండ్రులకు వ్యాధి లేకపోయినను, వారిలో చాలమంది అటులనే రక్తసంబంధులని తేలెను. ఇంగ్లండులో సాధారణ ప్రజలలో అట్టి వివాహములు స్వల్పము. ఈ కుటుంబములలో మాత్రము అవి అధికము. ఇది కాకతాళీయము కాజాలదు. సరిగా ఆ దినములలోనే, 1900లో, మెండెల్ మహాశయుని మరుగుపడిన బఠాణీ ప్రయోగములు తిరిగి వెలుగులోనికి వచ్చెను. వాటిని ఇంగ్లండులో ప్రచారము చేయుచున్న బేట్సన్ అను శాస్త్రజ్ఞుడు గారాడ్ సేకరించిన వివరములను చూచి, అవి మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణములకు సరిపోవుచున్నవని గుర్తించెను. 1902 డిసెంబరులో గారాడ్ తన వ్యాసమును లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. మెండెల్ నియమము మనుష్య వ్యాధికి అన్వయించుటలో అదియే తొలిమెట్టు.

ఇచ్చట ఆ నియమమును మన మాటలలో చెప్పుకొనుట అవసరము. మన శరీరములోని ప్రతి పనికిని సంబంధించిన ఆజ్ఞ జన్యువు రూపమున రెండు ప్రతులుగా ఉండును; ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. ఆల్కాప్టన్యూరియా విషయములో ఒక ప్రతి చెడినను రెండవది పని నెరవేర్చును; ఆ వ్యక్తికి ఏ బాధయు ఉండదు, తనలో చెడిన ప్రతి ఉన్నదని తెలియను కూడ తెలియదు. అట్టి ఇద్దరు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు చొప్పున, బిడ్డకు రెండును చెడిన ప్రతులే చేరు అవకాశము కలదు. అరుదైన చెడుప్రతి వేర్వేరు కుటుంబములవారిలో ఒకేసారి తారసపడుట కష్టము; ఒకే తాత, ఒకే అవ్వ నుండి దిగివచ్చినవారిలో తారసపడుట సులభము.

తెలుగునాట ఈ మాట విన్నవారికి మేనరికము వెంటనే స్ఫురించును. ఇంగ్లీషువారికి అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెండ్ర బిడ్డలు, మేనత్త మేనమామ బిడ్డలు అందరును ఒక్క పేరుననే ఇముడుదురు. మన వరుసలు వేరు: అన్నదమ్ముల బిడ్డలును, అక్కచెల్లెండ్ర బిడ్డలును తోబుట్టువుల వరుస, మేనత్త మేనమామ బిడ్డలకు మాత్రము పెండ్లి వరుస, అక్క కూతురిని పెండ్లాడుటయు మన ఆచారములో కలదు. జన్యువులకు ఈ వరుసలు తెలియవు. మేనరికపు దంపతులకు పూర్వికులనుండి ఉమ్మడిగా వచ్చిన అంశము సగటున ఎనిమిదవ వంతు; మేనమామ మేనకోడండ్రకు నాలుగవ వంతు. మేనరికము వ్యాధిని సృష్టింపదు. ఎక్కువమంది మేనరికపు దంపతుల బిడ్డలు ఆరోగ్యవంతులుగానే పుట్టుదురు. వంశములో దాగియున్న చెడుప్రతి బయటపడుటకు మాత్రము అది త్రోవ ఇచ్చును. ఇందులో ఒకరిని నిందించుటకు తావు లేదు. తెలిసికొని మెలగుటకు తావు కలదు.

తిరిగి గారాడ్ కడకు వత్తము. వ్యాధి వంశమునుండి వచ్చుచున్నదని చెప్పుటతో ఆయన తృప్తిపడలేదు. వంశమునుండి వచ్చుచున్నది ఏమి? 1908లో లండను రాయల్ వైద్య కళాశాలలో ఇచ్చిన క్రూనియన్ ఉపన్యాసములలో ఆయన సమాధానము చెప్పెను. ఆ సమాధానమును మన గోదావరి కాలువల పోలికతో వివరింతము.

ధవళేశ్వరమునుండి బయలుదేరిన కాలువ మెట్టుమెట్టుగా లాకులగుండా దిగుచు సముద్రము వైపునకు పోవును. ఒక్కొక్క లాకు వద్ద నీరు ఒక మెట్టు దిగును. దిగువ లాకు తలుపులు తెరచుకొననిచో ఏమగును? దాని ఎగువను నీరు నిలచిపోవును, మట్టము పెరుగును, గట్లమీదుగా పొరలిపోవును. మన దేహములో ఆహారపు మార్గమును ఇట్టిదే. పప్పులోను, పాలలోను, గ్రుడ్డు మాంసములలోను ఉన్న మాంసకృత్తులు జీర్ణమై అమినో ఆమ్లములుగా విడిపోవును. వానిలో ఫినైల్అలనీన్, టైరోసీన్ అను రెండు, శరీర నిర్మాణమునకు కావలసినంత వినియోగపడగా, మిగిలినవి మెట్టుమెట్టుగా విరిగి తుదకు శక్తినిచ్చు ఇంధనముగా మారును. ఈ దారిలో నడుమనున్న ఒక మజిలీయే హోమోజెంటిసిక్ ఆమ్లము. ఆరోగ్యవంతునిలో అది పుట్టినది పుట్టినట్లే తరువాతి మెట్టునకు దిగిపోవును, నిలువయుండదు. రోగిలో ఆ లాకు తెరచుకొనదు. ఆమ్లము పేరుకొని, పొరలి, మూత్రములోనికి వచ్చును. కొంత కీళ్ళలో దిగబడి నల్లని రంగుగా మారి వానిని చెఱచును. దినమునకు అనేక గ్రాముల ఆమ్లము మూత్రమున పోవుచుండును.

గారాడ్ వాదము ఇదియే: ఆ ఆమ్లము అస్వాభావికమైన విషము కాదు, అందరి దేహములలోను పుట్టు సహజ పదార్థమే, దాని వలయమును పగులగొట్టు పని ఒక ప్రత్యేకమైన ఎంజైముది, ఈ రోగులలో ఆ ఎంజైము లేదు. ఇట్టి వ్యాధులు నాలుగింటిని ఆయన ఒక వరుసను చేర్చి, అవి పుట్టుకతో వచ్చిన జీవక్రియాదోషములని పేరుపెట్టెను. 1909లో ఆ ఉపన్యాసములు గ్రంథరూపమున వెలువడినవి. అంతటితో ఆగక, రూపురేఖలలో ఏ ఇద్దరు మనుష్యులును సరిగా ఒకటిగా ఉండనట్లే దేహరసాయనములోను ఉండరని ఆయన చెప్పెను. వ్యాధిగా కనబడునది ఆ భేదములలో మిక్కిలి స్ఫుటమైనది మాత్రమే.

ఎంజైములు ఏ పదార్థముతో చేయబడినవో కూడ ఎవరికిని తెలియని దినములలో ఈ మాట చెప్పబడినదని మనము మరువరాదు. ఎంజైము మాంసకృత్తు కావచ్చునని అమెరికాలో సమ్నర్ స్ఫటికరూపమున చూపినది 1926లో గాని కాదు. కావున గారాడ్ మాటకు తగిన ఆదరము లభింపలేదు. వైద్యులు ఆ గ్రంథమును అరుదైన వింతల పట్టికగా చదివిరి; వంశపారంపర్య శాస్త్రజ్ఞులలో చాలమంది అసలే చదువలేదు. మొదటి ప్రపంచ యుద్ధములో గారాడ్ ఇద్దరు కుమారులు మరణించిరి. యుద్ధానంతరము 1919లో ఇన్‌ఫ్లూయెంజాకు మూడవ కుమారుడును బలియయ్యెను. ఆయన 1920లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వైద్యాచార్య పదవిని స్వీకరించి, 1936లో కాలధర్మము చెందెను. తన ఊహ ఋజువగుట ఆయన చూడలేదు.

1941లో బీడిల్, టాటమ్ అను అమెరికను శాస్త్రజ్ఞులు రొట్టెబూజుపై ప్రయోగములు చేసి, ఒక జన్యువు చెడినచో ఒక రసాయనపు మెట్టు ఆగిపోవునని చూపిరి. 1958లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఆ సందర్భమున బీడిల్, తాము కనుగొన్నది గారాడ్ ఏనాడో చెప్పినదేయని వినయముతో అంగీకరించెను. అదే 1958లో అమెరికాలోని బెథెస్డాలో లా డూ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక రోగి కాలేయపు తునకను పరీక్షించిరి. ఆ మార్గములోని తక్కిన ఎంజైములు అన్నియు సక్రమముగా ఉన్నవి. హోమోజెంటిసిక్ ఆమ్లమును విడగొట్టు ఎంజైము ఒక్కటి మాత్రము లేదు. ఏబది ఏండ్లకు గారాడ్ మాట నిజమైనది.

లేదని తెలిసినది. ఉన్నచోట అది ఎట్లుండును? దీనికి సమాధానము దొరకుటకు మరి నలుబదిరెండేండ్లు పట్టెను. ఎంజైము పని అంతయు దాని ఆకారములో ఉన్నది. ఎంజైమును తాళముతోను, అది పట్టుకొను పదార్థమును తాళపుచెవితోను 1894లోనే ఎమిల్ ఫిషర్ పోల్చెను. కాని ఆ తాళము ఏ సూక్ష్మదర్శినికిని అందనంత చిన్నది. దానిని చూచుటకు ఎక్స్‌కిరణములు కావలసివచ్చెను. స్ఫటికములో అణువులు బారులు తీరి ఉండును. ఎక్స్‌కిరణములు ఆ బారులపై పడి చెదరి చుక్కలుగా ఏర్పడును. 1912లో జర్మనీలో లౌఎ దీనిని చూపగా, బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ చుక్కలనుండి పరమాణువుల స్థానములను లెక్కగట్టు విధానమును కనిపెట్టిరి. కేంబ్రిడ్జిలో కెండ్రూ, పెరూట్జ్‌లు ఆ విధానమును మాంసకృత్తులకు అన్వయించి 1962లో నోబెల్ బహుమానము పొందిరి. 1965లో లండనులో డేవిడ్ ఫిలిప్స్ బృందము లైసోజైము రూపమును కనుగొన్నది. ఎంజైములలో మొదట కంటబడినది అదియే. ఈ విద్యలో మన దేశమునకును భాగము కలదు. 1963లో మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు మాంసకృత్తుల గొలుసు ఏయే కోణములలో వంగగలదో, ఏయే కోణములలో వంగజాలదో ఒక పటముగా గీచిరి. నేటికిని ప్రపంచములో ఏ మాంసకృత్తు రూపము తేల్చినను అది సరియైనదా కాదా యని రామచంద్రన్ పటముతో సరిచూచుకొనుట పరిపాటి.

అయినను స్ఫటికము చేయుటకు ఎంజైము కావలెను. మనుష్యుని కాలేయమునుండి దానిని కావలసినంత సేకరించుట సాధ్యమైన పని కాదు. దాని జన్యువు చేజిక్కినచో, సూక్ష్మజీవులచేత ఆ ఎంజైమును తయారు చేయించుకొనవచ్చును. ఆ జన్యువు మూడవ క్రోమోజోముపై ఉన్నదని 1993లో తెలిసినది. ఇందుకు తోడ్పడినవి రక్తసంబంధ వివాహములు గల కుటుంబములే. గారాడ్‌కు దారి చూపిన సంగతియే తొంబది ఏండ్ల తరువాత మరల దారి చూపెను. ఇక జన్యువును పట్టుకొన్నవారు స్పెయిను దేశపు రాజధాని మాడ్రిడ్‌లోని శాస్త్రజ్ఞులు. మిగెల్ పెన్యాల్వా, ఆయన సహచరులు పరిశీలించుచుండినది మనుష్యుని కాదు. ఆస్పర్జిల్లస్ జాతికి చెందిన ఒక బూజును. ఆ బూజును ఇదే మెట్టున ఇదే ఆమ్లమును విడగొట్టుకొనును. మొదట బూజులోని జన్యువును గుర్తించి, దానిని పోలిన జన్యువును మనుష్యునిలో వెదకి, 1996లో వారు సఫలులైరి. బూజునకును మనుష్యునకును ఇంతటి చుట్టరికము ఉన్నదని ఎవరు అనుకొందురు!

2000 సంవత్సరములో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ టిమ్ బృందము మాడ్రిడ్ శాస్త్రజ్ఞులతో కలిసి ఈ ఎంజైము స్ఫటికరూపమును ప్రకటించెను. దానిలోని వివరములు 1.9 ఆంగ్‌స్ట్రాముల వరకు స్పష్టమైనవి. ఒక ఆంగ్‌స్ట్రామనగా మిల్లీమీటరులో కోటియవ వంతు. గారాడ్ మనోనేత్రముతో చూచిన వస్తువు అప్పుడు చిత్రపటముగా ఎదుట నిలచెను.

ఆ రూపము ఎట్టిది? 445 అమినో ఆమ్లములు వరుసగా గ్రుచ్చబడిన ఒక గొలుసు తనలో తాను మడతలుపడి ఒక ముద్దగా ఏర్పడును. అట్టి ముద్దలు మూడు కలిసి ఒక జట్టు. అట్టి జట్లు రెండు ఒకదానికొకటి ఆనుకొని నిలచును. అనగా ఆరు భాగములు కలిసిననే పని జరుగు ఎంజైము సిద్ధమగును. ఒక్కొక్క భాగములో ఒక ఇనుప పరమాణువు కలదు. హిస్టిడీన్ అను అమినో ఆమ్లములు రెండును, గ్లూటమిక్ ఆమ్లము ఒకటియు దానిని మూడు వైపులనుండి పట్టి నిలుపును. ఈ ఇనుము సహాయముననే ప్రాణవాయువులోని రెండు పరమాణువులును హోమోజెంటిసిక్ ఆమ్లములో చేర్చబడి, దాని గట్టి వలయము తెరచుకొనును. లాకు తలుపు ఇదియే. మన లాకుల తలుపులను తెరచుటకు మనుష్యుడు మరత్రిప్పవలెను. ఇచ్చట తలుపు త్రిప్పునది ఒక ఇనుప అణువు.

ఈ దృశ్యము ఒక చిక్కును విడదీసెను. ఈ జన్యువులో ఒక్క చోటనే గాక చాల చోట్ల తప్పులు వచ్చినట్లు అప్పటికే తెలియవచ్చెను. నేటికి 200కు మించిన మార్పులు లెక్కకెక్కినవి. వానిలో చాలభాగము గొలుసులో ఒక్క అమినో ఆమ్లమునకు మారుగా మరియొకటి చేరుటయే. 445 పూసలలో ఒక్క పూస మారిన మాత్రమున, అదియు ఇనుమునకు దూరముగా ఎక్కడనో ఉన్న పూస మారిన మాత్రమున, ఎంజైము పనికిరాకుండ పోవుట ఏమి? రూపము చూచిన పిదప సమాధానము తెలిసినది. అట్టి తప్పులలో పెద్ద వర్గము ఒక భాగము మరియొక భాగమును తాకు చోట్లనే ఉన్నవి. ఇనుముండు స్థానమును ఆ కూడలికి దగ్గరలోనే కలదు. ఆరుగురు ఆడు కోలాటములో ఒకరి కోల గురితప్పినచో తక్కిన అయిదుగురి ఆటయు చెదరిపోవును. ఎంజైములోను అంతే, ప్రతి భాగమును తన పక్క భాగముతో సరిగా అతుకుకొననిచో తలుపు నిలువదు. మనుష్యుని దేహము ఎంత పొందికపై ఆధారపడియున్నదో ఈ చిత్రము చెప్పినంత స్పష్టముగా ఏ ఉపన్యాసమును చెప్పజాలదు.

ఆకారము తెలిసినది గదా, ఔషధము దొరకినదా యని శ్రోతలు ప్రశ్నింతురు. ఇచ్చట మనము ఉన్నదున్నట్లు చెప్పవలెను. చెడిన ఎంజైమును బాగుచేయు మందు ఆ చిత్రమునుండి ఇంతవరకు రాలేదు. మందు వేరొక దారిని, చాల విచిత్రముగా వచ్చినది. మన ఊళ్ళ తోటలలో సీసాలు కడుగు కుంచెవలె ఎఱ్ఱని పూలు పూయు ఒక చెట్టు కనబడును, బాటిల్‌బ్రష్ అందురు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఆ చెట్టు క్రింద కలుపు అంతగా మొలవకుండుట 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రజ్ఞుడు గమనించెను. కారణమైన పదార్థమును వెదకి, దానిని పోలిన కలుపుమందులు తయారుచేయుచుండగా, వానిలో ఒకటి జంతువుల దేహములో టైరోసీన్ మార్గమును ఒకచోట అడ్డగించునని తేలెను. అడ్డగించు చోటు మన లాకునకు సరిగా ఎగువనున్న లాకు. నిటిసినోన్ అను ఆ మందును స్వీడను దేశములో లిండ్‌స్టెట్ అను వైద్యుడు వేరొక ప్రాణాంతక శిశువ్యాధికి వాడి 1992లో ఫలితములను ప్రకటించెను. ఆ వ్యాధియు ఇదే కాలువలో మరింత దిగువనున్న లాకు చెడుటవలన వచ్చునదే.

దిగువ తలుపు తెరచుకొననప్పుడు ఎగువ తలుపు మూసినచో నడుమ నీరు చేరదు గదా! ఆల్కాప్టన్యూరియాకును ఇదే ఉపాయము పనికివచ్చినది. లివర్‌పూల్ నగరమున లక్ష్మీనారాయణ్ రంగనాథ్ అను వైద్యుని నాయకత్వమున యూరపులోని మూడు కేంద్రములలో 138 మంది రోగులపై నాలుగేండ్లపాటు పరీక్ష జరిగెను. ఆ కేంద్రములలో ఒకటి స్లొవాకియా దేశములోనిది. అచ్చట ఈ వ్యాధి 19,000 మందిలో ఒకరికి కలదు. రోగులలో సగముమందికి దినమునకు 10 మిల్లీగ్రాముల నిటిసినోన్ ఇచ్చిరి. వారి మూత్రములో ఆమ్లము నూటికి తొంబదితొమ్మిది పాళ్ళకు పైగా తగ్గెను. వ్యాధి ముదురుటయు మందగించెను. 2020లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. ఆ సంవత్సరమే యూరపు ఔషధ సంస్థ పెద్దలలో ఈ వ్యాధికి ఆ మందును అనుమతించెను. కాని కాలువ న్యాయము ఇచ్చటను తప్పదు. ఎగువ తలుపు మూసినందున దానికి పైన టైరోసీన్ పేరుకొనును. అది హెచ్చినచో కంటి నల్లగ్రుడ్డు పొరకు హాని కలుగవచ్చును. కావున ఆ మందు వాడువారు వైద్యుని పర్యవేక్షణలో ఉండి, మాంసకృత్తుల పాలు తగ్గించిన ఆహారము తీసికొనవలెను. నల్లబడి అరిగిపోయిన కీళ్ళను ఆ మందు తిరిగి క్రొత్తవిగా చేయజాలదు. అందుచేత వ్యాధిని ముందుగా గుర్తించుటలోనే ప్రయోజనమంతయు ఉన్నది.

అట్లయిన ఎంజైము రూపము తెలిసి లాభమేమి? తెలిసికొనుట ఒకటి, బాగుచేయుట ఒకటి. మొదటిది లేక రెండవది ఎప్పుడో గాని, ఎక్కడనో అదృష్టవశమున గాని జరుగదు. గారాడ్ లాకు ఎక్కడ చెడినదో చెప్పియుండనిచో కలుపుమందు కలుపుమందుగనే ఉండిపోయెడిది. దానిని ఏ తలుపు వద్ద వాడవలెనో ఎవరికిని తోచెడిది కాదు. నేడు ఒక రోగి జన్యువులో ఒక అక్షరము మారినట్లు తెలిసినచో, ఆ మార్పు ఎంజైములో ఏ మూల పడుచున్నది, అతుకును చెఱచుచున్నదా, ఇనుమును కదల్చుచున్నదా అని ఆ చిత్రమును ముందుంచుకొని చెప్పగలుగుచున్నారు. ఎంజైము పూర్తిగా నశించినదా, సడలినదా యని తేల్చుటకు అదియే ఆధారము. సడలినదానిని నిలబెట్టు మందును వెదకువారికి పటము సిద్ధముగా ఉన్నది.

గృహస్థులు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది మరియొకటి కలదు. పసిబిడ్డ గుడ్డపై మూత్రము ఆరి నల్లని మచ్చ యైనచో, ఉతికినకొలది అది ముదిరినచో, దానిని దిష్టి యనియో, తల్లి తిన్న తిండి దోషమనియో అనుకొని దాచవలదు. ఆ గుడ్డను తీసికొని వైద్యుని వద్దకు పోవలెను. మూత్రపరీక్షతో హోమోజెంటిసిక్ ఆమ్లము ఉన్నదీ లేనిదీ తేలిపోవును. ఆ బిడ్డ తోబుట్టువులను కూడ పరీక్షింపజేయవలెను. ముప్పది ఏండ్లకే నడుము పట్టి, చెవులలో నీలివన్నె కనబడినవారును ఈ మాటను మనస్సున ఉంచుకొనవలెను. ఇట్టి బిడ్డ పుట్టిన ఇంటిలో తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు లేదు, పూర్వజన్మ ప్రసక్తి లేదు. ఇద్దరును తమకు తెలియకయే చెరియొక ప్రతిని ఇచ్చిరి, అంతే.

మనలో ప్రతి ఒక్కరును ఏదో ఒక జన్యువులో అట్టి చెడిన ప్రతిని మోయుచునే ఉన్నాము. జోడు దొరకనందున అది మౌనముగా ఉన్నది. దేహరసాయనములో ఏ ఇద్దరును ఒక్కటి కారని గారాడ్ చెప్పిన మాటకు అర్థము ఇదియే. ఒక శిశువు గుడ్డపై పడిన మచ్చను అసహ్యింపక, వింతయని త్రోసివేయక, 52 గంటలు కనిపెట్టి చూచిన ఓర్పునుండి ఈ జ్ఞానమంతయు పుట్టినది.